జన్యుమార్పిడి పంటలు – తిండికీ, దాణాకీ భద్రమో కాదో ఎలా తేలుస్తారు?



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు ఈ విషయాన్నే ఎంచుకున్నాను. కారణం ఒక్కటే. మనలో చాలామందిమి పత్తి చేల పక్కన పెరిగినవాళ్ళం. సెలవుల్లో పత్తి ఏరడానికి కూలికి పోయినవాళ్ళం. "బి.టి." అనే మాటను బయాలజీ పుస్తకంలో కన్నా ముందు విత్తనాల ప్యాకెట్ మీద చదివినవాళ్ళం. అయినా "ఈ పంట తినొచ్చా? పశువుకు పెట్టొచ్చా?" అని ఊళ్ళో ఎవరైనా అడిగితే, ఒకరు "అంతా విషం" అంటారు, ఇంకొకరు "ఏమీ కాదు" అంటారు. ఈ రెండు జవాబుల్లోనూ పరీక్ష లేదు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో తేలిక మాటల్లో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జన్యుమార్పిడి అంటే ఏమిటి?

రెండు వరి రకాలను సంకరం చేసి కొత్త రకం తీయడం ఎప్పటి నుంచో ఉన్నదే. అందులో వరి జన్యువులు వరితోనే కలుస్తాయి. జన్యుమార్పిడిలో అలా కాదు. మొక్కకు సంబంధం లేని ఇంకో జీవి నుంచి కూడా కావలసిన జన్యువును తీసి, ప్రయోగశాలలో మొక్క కణంలోకి చేరుస్తారు. ఆ జన్యువు కొత్త ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది.

బి.టి. అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేలలోని బాక్టీరియా. దాని జన్యువును పత్తిలో పెడితే మొక్క "క్రై 1ఏసీ" అనే ప్రోటీన్‌ను తయారు చేసుకుంటుంది. కాయతొలుచు పురుగు ఆకునో కాయనో కొరికినప్పుడు ఈ ప్రోటీన్ దాని కడుపులోకి పోతుంది. పురుగు పేగులో క్షార గుణం ఉంటుంది. అక్కడ ప్రోటీన్ చురుకై, పేగు గోడ మీది ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మానేసి చచ్చిపోతుంది. మనిషి జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం. పురుగులో ఉన్న ఆ గ్రాహకాలు మన పేగులో లేవు. అందుకే పురుగును చంపేది మనిషిని చంపదు అని శాస్త్రవేత్తలు అంటారు. అయితే సిద్ధాంతం చెప్పి ఊరుకుంటే చాలదు, పరీక్షించి చూపాలి.

"భద్రం" అనే మాటకు అర్థం

ఏ తిండీ నూటికి నూరు పాళ్ళు ప్రమాదరహితం కాదు. కేసరి పప్పు నెలల తరబడి ప్రధాన ఆహారంగా తింటే కాళ్ళు చచ్చుబడతాయి. కర్రపెండలాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండా తింటే అందులోని సయనైడ్ హాని చేస్తుంది. జొన్న కోసిన మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకలను "నాము" అంటారు. అది మేస్తే పశువు నిలువునా కూలుతుందని ఏ పశువుల కాపరినడిగినా చెబుతాడు. ఇవన్నీ ప్రకృతి సహజమైనవే.

మామూలు సంకరంతో వచ్చిన పంటలోనూ ఇలాంటిది జరిగింది. అమెరికాలో 1960లలో "లెనాపే" అనే బంగాళాదుంప రకాన్ని తీశారు. చిప్స్‌కు చాలా బాగుందని మెచ్చుకున్నారు. తరువాత చూస్తే అందులో సొలనిన్ జాతి విషపదార్థాలు మోతాదుకు మించి ఉన్నాయి. 1970లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇందులో జన్యుమార్పిడి ఏమీ లేదు.

కాబట్టి జన్యుమార్పిడి పంటను "ప్రమాదం అసలే లేదా?" అని ప్రశ్నించరు. "ఇన్నాళ్ళుగా తింటున్న అదే పంట మామూలు రకం కన్నా దీనిలో ఎక్కువ ప్రమాదం ఉందా?" అని ప్రశ్నిస్తారు. ఈ పోల్చి చూసే పద్ధతిని ఓ.ఇ.సి.డి. అనే అంతర్జాతీయ సంస్థ 1993లో ప్రతిపాదించింది. 2003లో కోడెక్స్ ఆహార ప్రమాణాల సంఘం మొక్కల కోసం ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. మన దేశంలో 2008లో భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) అదే బాటలో మార్గదర్శకాలు ఇచ్చింది.

పరీక్షలో అడిగే అయిదు ప్రశ్నలు

1. ఏ జన్యువు, ఎక్కడ చేరింది? జన్యువు ఏ జీవి నుంచి వచ్చింది? మొక్క డి.ఎన్.ఏ.లో ఎన్ని చోట్ల దిగింది? అది దిగిన చోట మొక్కకు చెందిన వేరే జన్యువు దెబ్బతిన్నదా? ఒక తరం నుంచి ఇంకో తరానికి మారకుండా వస్తోందా?

2. పోషకాలు మారాయా? ప్రోటీన్, కొవ్వు, పిండి పదార్థం, విటమిన్లు, ఖనిజాలు, సహజ విషాలు కొలుస్తారు. పత్తి గింజ అయితే గాసిపాల్, వంకాయ అయితే గ్లైకో ఆల్కలాయిడ్లు చూస్తారు. మామూలు రకాన్ని పక్కనే, అదే నేలలో పెంచి పోలుస్తారు.

3. కొత్త ప్రోటీన్ విషమా? ఆ ప్రోటీన్‌ను శుద్ధి చేసి చుంచులకు ఒకేసారి భారీ మోతాదు పట్టిస్తారు. తెలిసిన విష ప్రోటీన్లతో దాని నిర్మాణానికి పోలిక ఉందేమో కంప్యూటర్‌లో వెతుకుతారు.

4. అలర్జీ తెస్తుందా? ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. తెలిసిన అలర్జీ ప్రోటీన్లతో అమైనో ఆమ్లాల వరసను పోలుస్తారు. వరసగా 80 అమైనో ఆమ్లాల నిడివిలో 35 శాతానికి మించి పోలిక ఉంటే అనుమానించాలని కోడెక్స్ చెబుతుంది. తరువాత జీర్ణరసం లాంటి ద్రవంలో పెప్సిన్‌తో కలిపి ఎంత త్వరగా ముక్కలవుతుందో చూస్తారు. వేడికి నిలుస్తుందా అనీ చూస్తారు. అవసరమైతే అలర్జీ ఉన్నవారి రక్తరసితో పరీక్షిస్తారు.

5. పూర్తి ఆహారం తిన్న జంతువుకు ఏమైంది? ఎలుకలకు 90 రోజులు ఆ పంటను దాణాలో కలిపి పెడతారు. బరువు, రక్తం, కాలేయం, మూత్రపిండాలు అన్నీ చూస్తారు. దాణాగా వాడే పంటయితే కోళ్ళు, పాడి పశువుల మీద కూడా పరిశీలిస్తారు. బ్రాయిలర్ కోడి నలభై రోజుల్లోనే చాలా రెట్లు బరువు పెరుగుతుంది కాబట్టి, దాణాలో పోషక లోపం ఉంటే అందులో త్వరగా బయటపడుతుంది.

పరీక్ష పనిచేసిందా? రెండు ఉదాహరణలు

మొదటిది సోయా కథ. సోయాలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. దాణా విలువ పెంచడానికి ఒక అమెరికన్ విత్తన కంపెనీ బ్రెజిల్ నట్ అనే గింజ నుంచి ఒక ప్రోటీన్ జన్యువును సోయాలో పెట్టింది. ఆ గింజ అంటే కొంతమందికి అలర్జీ. అలాంటి 9 మంది రక్తరసితో పరీక్షిస్తే, 8 మంది రక్తరసి ఈ కొత్త సోయాలోని ప్రోటీన్‌ను గుర్తుపట్టింది. అంటే అలర్జీ తెచ్చే ప్రోటీన్ సోయాలోకి నడిచి వచ్చిందన్నమాట. 1996లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆ సోయా మార్కెట్‌కు రానే లేదు. అడగాల్సిన ప్రశ్న ముందే అడిగితే ఏమవుతుందో ఇది చూపిస్తుంది.

రెండవది "స్టార్‌లింక్" మొక్కజొన్న. ఇందులో క్రై 9సీ అనే ప్రోటీన్ ఉంది. అది జీర్ణరసంలో త్వరగా కరగలేదు, వేడికీ నిలిచింది. అలర్జీ అనుమానం తీరలేదు కాబట్టి 1998లో అమెరికా దాన్ని పశువుల దాణాకు మాత్రమే అనుమతించింది, మనుషులు తినడానికి కాదు. కానీ గింజకు తెలియదు కదా, తాను దాణా బస్తాలో ఉండాలని! 2000 సెప్టెంబరులో మొక్కజొన్న పిండితో చేసే టాకో షెల్స్‌లో అది బయటపడింది. వందలాది ఆహార ఉత్పత్తులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తమకు జబ్బు చేసిందన్న కొందరి రక్తాన్ని పరీక్షిస్తే ఆ ప్రోటీన్ వల్లనే అనడానికి ఆధారం దొరకలేదు. అయినా పాఠం మిగిలింది. ఒకే గోదాం, ఒకే లారీ, ఒకే మిల్లు ఉన్నచోట "ఇది దాణాకు, అది తిండికి" అని కాగితం మీద గీత గీస్తే సరిపోదు. దాణాకు ఇచ్చే అనుమతి మనిషి తిండికి కూడా పనికొచ్చేలా ఉండాలి.

మోతాదు లెక్క – మన కంచం లెక్క

విషం అనేది మోతాదును బట్టి ఉంటుంది. దీన్ని ఒక లెక్కతో చూద్దాం. అంకెలు పాఠం కోసం ఊహించినవి.

ఒక కూరగాయలో కొత్త ప్రోటీన్ గ్రాముకు 10 మైక్రోగ్రాములు ఉందనుకోండి. 40 కిలోల బరువున్న విద్యార్థి రోజుకు 200 గ్రాముల కూర తింటాడు. అంటే 2,000 మైక్రోగ్రాములు, అనగా 2 మిల్లీగ్రాములు. దాన్ని 40తో భాగిస్తే శరీర బరువు కిలోకు 0.05 మి.గ్రా. ఎలుకల్లో కిలోకు 500 మి.గ్రా. ఇచ్చినా హాని కనబడలేదనుకుందాం. 500ను 0.05తో భాగిస్తే 10,000. ఇదే భద్రతా అంతరం. సాధారణంగా కనీసం 100 రెట్లు ఉండాలంటారు. ఎలుకకూ మనిషికీ ఉన్న తేడాకు 10 రెట్లు, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు ఇంకో 10 రెట్లు.

ఇక్కడే మనం ఆలోచించాలి. ఆ 200 గ్రాములు ఎవరి కంచంలోవి? సర్వేల్లో వచ్చేది సగటు. ఇంట్లో రోజుకో కూర వండుకునేవారి సగటు వేరు, ఏ కూరగాయ చవకగా దొరికితే అదే వారానికి నాలుగు సార్లు వండే హాస్టల్ మెస్ వేరు. అదే విద్యార్థి రోజుకు 600 గ్రాములు తింటే అంతరం 3,333కు తగ్గుతుంది. ఈ ఉదాహరణలో అదీ చాలినంతే. కానీ ప్రతి పంటకూ అలాగే ఉంటుందని ముందే అనుకోకూడదు. పిల్లలు, గర్భిణులు, రక్తహీనత ఉన్నవారు, ఒకే తిండి మీద ఆధారపడిన పేదలు – వీళ్ళ లెక్క విడిగా వేయాలి. ఎక్కువగా తినే వర్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది భద్రతా శాస్త్రంలో ఒప్పుకున్న సూత్రమే. అంటే మన కంచాన్ని లెక్కలో చేర్చమని అడగడం మన హక్కు.

ఇంకొక మాట. అలర్జీ ఈ లెక్కకు లొంగదు. అలర్జీ ఉన్నవాడికి చాలా చిన్న మోతాదు కూడా ప్రమాదమే. అందుకే పైన చెప్పిన నాలుగో ప్రశ్నను విడిగా పెట్టారు.

దాణా సంగతి

నేను ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీలో చేరాక మా అమ్మ అడిగిన మొదటి సైన్సు ప్రశ్న ఇది: "పత్తిగింజల చెక్క బర్రెకు పెడ్తున్నం గద బిడ్డా, ఆ పాలు తాగొచ్చా?" మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట కాబట్టి ఇలాంటి ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

మన దేశంలో బి.టి. పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. ఇప్పుడు పత్తి సాగులో 90 శాతానికి పైగా బి.టి. రకాలే. పత్తి బట్ట కోసమే అనుకుంటాం గానీ, గింజ నుంచి నూనె వస్తుంది, మిగిలిన చెక్క పశువుల దాణా అవుతుంది. అంటే మన దేశంలో జన్యుమార్పిడి పంట తిండిలోకి రాలేదనడం సరికాదు. శుద్ధి చేసిన నూనెలో దాదాపు కొవ్వే తప్ప ప్రోటీన్ ఉండదు. అందువల్ల క్రై ప్రోటీన్ అందులో మిగలదు. చెక్కలో మాత్రం ప్రోటీన్ ఉంటుంది. పశువు దాన్ని మిగతా ప్రోటీన్లలాగే జీర్ణం చేసుకుంటుంది. పాడి పశువులపై జరిపిన పరిశీలనల్లో ఈ ప్రోటీన్ పాలలో కనబడలేదు. మనం జాగ్రత్తపడవలసిన విషం చెక్కలో ఉన్న గాసిపాల్. అది బి.టి.లోనూ ఉంది, పాత పత్తిలోనూ ఉంది. పెద్ద పశువు కొంతవరకు తట్టుకుంటుంది, లేగదూడ తట్టుకోలేదు. బూజు పట్టిన చెక్క అయితే అఫ్లాటాక్సిన్ పాలలోకి కూడా వస్తుంది. కాబట్టి చెక్క కొనేటప్పుడు బి.టి.నా కాదా అన్నదానికన్నా బూజు ఉందా లేదా అన్నది ముందు చూడాలి.

కోడిగుడ్డు సంగతి కూడా ఇంతే. 2021 ఆగస్టులో కోళ్ళ దాణా కొరత తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. కోడి తిన్న జన్యువు కోడి జన్యువు కాదు, గుడ్డులోకి అలాగే నడిచి రాదు. మేక వేపాకు తిన్నంత మాత్రాన మేక వేపచెట్టు కాదు కదా!

వరంగల్ గొర్రెల పాఠం

2006లో వరంగల్ జిల్లాలో పత్తి ఏరిన తరువాత చేలల్లో మేసిన గొర్రెలు చనిపోయాయని గొర్రెల కాపరులు మొర పెట్టుకున్నారు. బి.టి. ఆకులే కారణమని కొన్ని స్వచ్ఛంద సంస్థలు అన్నాయి. పశుసంవర్ధక శాఖ నమూనాలు పరీక్ష చేయించింది. చావులకు నైట్రేట్లు, హైడ్రోసయనైడ్, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చనీ, బి.టి. ప్రోటీన్ కాదనీ కేంద్రంలోని అనుమతుల కమిటీ అభిప్రాయపడింది. ఆ సంస్థలు దీన్ని ఒప్పుకోలేదు.

ఈ సంఘటన నుంచి మనం నేర్చుకోవలసింది ఏ పక్షం గెలిచిందని కాదు. గొర్రె చనిపోయిన కొద్ది గంటల్లోనే పోస్టుమార్టం జరగాలి. జీర్ణాశయంలోని మేత, కాలేయం, చేనులోని ఆకు, అదే రోజు చల్లిన మందు వివరం – అన్నీ కలిపి భద్రపరచాలి. పక్కనే బి.టి. కాని చేలో మేసిన మంద ఎలా ఉందో చూడాలి. ఈ పోలిక లేకపోతే వాదన మిగులుతుంది, జవాబు మిగలదు. ఇంకొక సంగతి. విషం పురుగుమందుదే అయినా కాపరికి పోయిన గొర్రె తిరిగి రాదు. "బి.టి. కాదు" అని తేల్చడంతో పని అయిపోదు. "మరి ఏది?" అన్నదానికి జవాబు చెప్పి, మళ్ళీ జరగకుండా చూడాలి.

మన దేశంలో ఎవరు తేలుస్తారు?

1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో నియమాలు చేశారు. పరిశోధన సంస్థలోని కమిటీ, ఆపైన బయోటెక్నాలజీ విభాగంలోని ఆర్.సి.జి.ఎం., చివరగా పర్యావరణ శాఖలోని జి.ఇ.ఏ.సి. – ఇలా మెట్లు ఉన్నాయి.

బి.టి. వంకాయను జి.ఇ.ఏ.సి. 2009 అక్టోబరులో ఆమోదించింది. ఎలుకలు, కుందేళ్ళు, మేకలు, కోళ్ళు, చేపలు, పాడి ఆవులపై పరీక్షలు జరిగాయి. కానీ వంకాయ మన పుట్టింటి కూర, నేరుగా తినేది. హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు ఆక్షేపించాయి. 2010 ఫిబ్రవరి 9న అప్పటి మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. ఆ నిలుపుదల ఇప్పటికీ ఉంది. బంగ్లాదేశ్ మాత్రం 2013లో అదే వంకాయను అనుమతించి 2014 నుంచి సాగు చేస్తోంది. ఆవాల విషయంలో 2022లో అనుమతి వచ్చినా, 2024 జూలైలో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు చెప్పారు.

ఇక అనుమతి లేనిది ఒకటి మన చేలల్లోనే ఉంది. గడ్డిమందును తట్టుకునే పత్తి, రైతులు బీజీ-3 అని పిలిచేది. దీనికి మన దేశంలో అనుమతి లేదు. అయినా దొంగచాటుగా అమ్ముతున్నారు. అనుమతి లేదంటే ఈ విత్తనం మన పొలాల కోసం పైన చెప్పిన మెట్లన్నీ ఎక్కలేదని అర్థం. దాని గింజ కూడా మామూలు గింజతో కలిసి అదే మిల్లుకు పోతుంది. గడ్డిమందు అవశేషం నూనెలో, చెక్కలో ఎంత ఉందో లెక్క ఉండదు. స్టార్‌లింక్ కథ గుర్తు చేసుకోండి. కలుపు కూలి పోయి నష్టపోయేది కూడా మన అమ్మలే.

పరీక్షల్లో లోపాలు లేవా?

ఉన్నాయి. పరీక్షల వివరాలు ఎక్కువగా కంపెనీలే సమర్పిస్తాయి. అందువల్ల ముడి లెక్కలు అందరికీ కనబడేలా ఉంచాలి, సంబంధం లేని ప్రయోగశాలలు మళ్ళీ చేసి చూడాలి. 90 రోజులు చాలవని కొందరి వాదన. అయితే ఎక్కువ రోజులు చేసినంత మాత్రాన ప్రయోగం గొప్పదైపోదు. 2012లో ఫ్రాన్సులో రెండేళ్ళు ఎలుకలపై చేసిన ఒక అధ్యయనం కణుతులు వచ్చాయని చెప్పి ప్రపంచమంతా కలకలం రేపింది. ఒక్కో గుంపులో 10 ఎలుకలే, అవి కూడా వయసుతో కణుతులు సహజంగా వచ్చే జాతి. 2013లో ఆ పత్రిక దాన్ని ఉపసంహరించింది. భయపెట్టే ఫలితమైనా, భరోసా ఇచ్చే ఫలితమైనా ఒకే జల్లెడలో జల్లించాలి.

కొత్తగా జన్యు సవరణ కూడా వచ్చింది. 2025 మేలో విడుదలైన డి.ఆర్.ఆర్. ధాన్ 100 అనే వరిని హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుంచే తయారు చేసింది. అందులో వేరే జీవి జన్యువు లేదు. 2022లో ఇలాంటి వాటికి పాత నియమాల్లో కొన్నిటి నుంచి మినహాయింపు ఇచ్చారు. ఈ మినహాయింపు సరైనదా అన్న చర్చ మీ కాలంలోనే జరుగుతుంది.

గుర్తుంచుకోవలసినవి

– "జన్యుమార్పిడి పంటలన్నీ" అని ఒకే గాటన కట్టకూడదు. ఏ పంట, ఏ జన్యువు, ఎవరు తింటారు అని విడివిడిగా అడగాలి.
– దేనితో పోల్చారు, ఎన్ని జంతువులపై చేశారు, ఎవరు చేశారు అని అడగాలి.
– ఎంత తింటే అన్నది అడగాలి. ఆ లెక్కలో మనలాంటివాళ్ళ కంచం ఉందా అని చూడాలి.
– అనుమతి లేని విత్తనాన్ని ఇంట్లోవాళ్ళు కొనకుండా చెప్పాలి.

తమ్ముళ్ళారా, మన అమ్మానాన్నలు విత్తనం పెట్టారు, మందు కొట్టారు, పత్తి ఏరారు. ఆ విత్తనం గురించి తీర్పు చెప్పే బల్ల దగ్గర మాత్రం వాళ్ళకు కుర్చీ లేదు. టాక్సికాలజీ, పశువైద్యం, ఆహార శాస్త్రం, గణాంక శాస్త్రం – ఈ చదువుల్లోకి మీలో నలుగురు పోయినా ఆ బల్ల దగ్గర మన ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళు నలుగురు ఉంటారు. ఇంటర్‌లో బై.పి.సి. తీసుకోవాలా వద్దా అని సందేహిస్తున్న తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే, వార్డెన్ గారి దగ్గర నా ఫోన్ నంబరు ఉంది. ఆదివారం సాయంత్రం ఫోన్ చేయండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (బయోకెమిస్ట్రీ)